పనిలో ఉండి చదివిన చదువు: సరోజినీ నగర్ మీదుగా ప్రాజెక్టు నిర్వహణ శిక్షణ చరిత్ర

దక్షిణ ఢిల్లీలో రింగ్ రోడ్డుకు దగ్గరగా ఉన్న సరోజినీ నగర్ అనగానే దేశంలో చాలామందికి చవక దుస్తుల బజారే గుర్తుకొస్తుంది గాని, ఆ బజారు పక్కనున్న ప్రభుత్వోద్యోగుల కాలనీకి తనదైన నిర్మాణ చరిత్ర ఒకటి ఉంది. 1950లలో కేంద్ర ప్రజా పనుల శాఖ కట్టించిన క్వార్టర్లు, 2018లో తెరుచుకున్న మెట్రో స్టేషను, 2016లో మంజూరై నేటికీ సాగుతున్న పునర్నిర్మాణం ఆ కొద్దిపాటి నేల మీదే జరిగాయి. ఆ మూడు నిర్మాణాలనూ మూడు వేర్వేరు సంస్థల ఇంజినీర్లు నడిపించారు; వారు తమ విద్యను సంపాదించిన తీరులు కూడా ఒకటి కావు. ప్రాజెక్టు నిర్వహణ, అంటే గడువుకూ వ్యయానికీ నాణ్యతకూ కట్టుబడి ఒక పనిని తొలి కొలత నుంచి తుది అప్పగింత దాకా నడిపించే విద్య, ఇప్పుడు డిగ్రీ పేరుతో కళాశాలల్లో దొరుకుతున్నది. బ్రిటన్‌లో 2015 నుంచి అమలులో ఉన్న డిగ్రీ అప్రెంటిస్‌షిప్ పద్ధతిలో, పెద్ద కంపెనీలో జీతానికి పనిచేస్తున్న యువకులు ఫీజు చెల్లించకుండానే విశ్వవిద్యాలయ పట్టా పొందగలుగుతున్నారు. దీన్ని కొత్త ఆవిష్కరణగా చెప్పుకోవడం పరిపాటి అయింది గాని, భారతదేశంలో నిర్మాణ నిర్వహణ అనే వృత్తి మొదటినుంచీ ఏదో ఒక పెద్ద సంస్థలో ఉమేదువారీ చేసి నేర్చుకున్నదే. పని ముందా, పట్టా ముందా అన్న వరుస మాత్రమే కాలాన్ని బట్టి తారుమారవుతూ వచ్చింది. నేర్పే సంస్థ కళ్లతో లోకాన్ని చూడటం కూడా ఈ శిక్షణలో ఒక భాగమేనన్న సంగతిని సరోజినీ నగర్ కథ మరే ఉదాహరణకన్నా స్పష్టంగా చూపిస్తుంది.

ఈ ప్రాంతం తొలి పేరు వినయ్ నగర్. దేశ విభజన తరువాత రాజధానిలో జనాభా ఒక్కసారిగా పెరిగి, కొత్త ప్రభుత్వ శాఖలు విస్తరించి, గుమాస్తాలకూ సహాయకులకూ ఇళ్లు దొరకని పరిస్థితిలో కేంద్ర ప్రభుత్వం పిలంజి మొదలైన గ్రామాల చుట్టుపక్కల వరుస కాలనీలను కట్టించింది. విశాలమైన వినయ్ నగర్ భాగాలు తరువాతి కాలంలో సరోజినీ నగర్, నేతాజీ నగర్, నౌరోజీ నగర్, లక్ష్మీబాయి నగర్ వంటి పేర్లతో విడిపోయాయి. 1879లో హైదరాబాదులో పుట్టి, ముత్యాల గోవిందరాజులు నాయుడిని వివాహమాడి, 1949 మార్చి 2న లక్నోలో గవర్నరు పదవిలో ఉండగానే కన్నుమూసిన సరోజినీ నాయుడు పేరు ఈ కాలనీకి దక్కింది. ఉద్యోగి జీతపు శ్రేణిని బట్టి ఇళ్లను తరగతులుగా విభజించడం, ఒకే నమూనాను వందల సంఖ్యలో వరుసగా వేయడం, మధ్యలో పచ్చిక బయలూ పక్కన బజారూ వదలడం ఆనాటి పద్ధతి. రెండంతస్తుల క్వార్టర్ల మధ్య నాటిన వేప, రావి, నేరేడు మొక్కలు అరవై ఏళ్లలో మానులై ఎదగగా, ఇళ్లు మాత్రం పెచ్చులూడి పాతబడ్డాయి. ఈ వ్యత్యాసమే తరువాతి తగవుకు మూలమైంది.

ఈ క్వార్టర్లను కట్టించిన కేంద్ర ప్రజా పనుల శాఖ మూలాలు 1854లో గవర్నరు జనరల్ డల్హౌసీ ఏర్పరచిన పబ్లిక్ వర్క్స్ డిపార్టుమెంటులో ఉన్నాయి. ఆ శాఖలో పని నేర్చుకునే పద్ధతి అంతకన్నా పాతది, దాని తొలి అధ్యాయాల్లో తెలుగు నేలకు చోటుంది. మద్రాసులో ఖగోళ పరిశీలకుడిగానూ సర్వేయరుగానూ పనిచేసిన మైకేల్ టాపింగ్ 1794లో ఎనిమిది మంది కుర్రవాళ్లతో సర్వే పాఠశాల పెట్టాడు. వారు తరగతిలో కూర్చుని లెక్కలు నేర్చుకుంటూనే అప్రెంటిసులుగా గొలుసులు మోసి నేలను కొలిచేవారు. కృష్ణా గోదావరి డెల్టాను కొలిచి, నీటిపారుదల అవకాశాలను వివరించిన టాపింగ్ 1796లో మచిలీపట్నంలో మరణించాడు గాని, ఆ పాఠశాల కాలక్రమంలో గిండీ ఇంజినీరింగు కళాశాలగా ఎదిగింది. గంగా కాలువకు మనుషులు కావలసి వచ్చి 1847లో రూర్కీలో పెట్టిన కళాశాల కూడా పని నుంచి పుట్టిన చదువే. అదే 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852 నాటికి ముగించగలగడంలో, వేల కూలీలను సమీకరించి నిలబెట్టిన ఓవర్సీరు వీణం వీరన్న పాత్రను గోదావరి జిల్లాల వారు నేటికీ గుర్తుచేసుకుంటారు. ఓవర్సీరు అంటే ఇంజినీరు గీసిన గీతను నేల మీద పనిగా మార్చే ఉద్యోగి. ప్రాజెక్టు నిర్వాహకుడనే పేరు పుట్టకముందు ఆ బరువులో ఎక్కువ భాగం అతని భుజాల మీదే ఉండేది.

ప్రజా పనుల శాఖలో కొత్తగా చేరిన ఇంజినీరుకు పట్టా ఉన్నా, మొదటి ఏళ్లలో అతనిని తీర్చిదిద్దింది మెజర్‌మెంట్ బుక్కు. వర్క్‌సైట్లలో అందరూ ఎం.బి. అని పిలిచే ఈ పుస్తకం పుటలకు ముందే వరుస అంకెలు అచ్చువేసి ఉంటాయి; ఒక్క పుట చింపడానికి వీల్లేదు, రాసింది చెరపడానికి వీల్లేదు, తప్పు పడితే కొట్టివేసి పక్కన పొడి సంతకం చేయాలి. సంఖ్య, పొడవు, వెడల్పు, లోతు అనే గడుల్లో పునాది గుంట మొదలు కిటికీ చట్రం దాకా ప్రతి పనినీ కొలిచి రాస్తే, ఆ కొలతల్లో కొన్నింటిని పై అధికారి స్వయంగా వచ్చి మళ్లీ కొలిచి సరిచూస్తాడు. కాంట్రాక్టరు బిల్లు ఆ తరువాతే కదులుతుంది. పక్కనే కూలీల హాజరు రాసే మస్టర్ రోలు, సిమెంటు బస్తాల లెక్క రాసే రిజిస్టరు ఉండేవి. శాఖా పరీక్షలు పాసైతే తప్ప ఉద్యోగం ఖాయం కాదు గనుక, కొత్త ఇంజినీరు పగలు కొలతలు వేసి రాత్రి అకౌంట్ల నిబంధనలు వల్లెవేసేవాడు. అయితే వినయ్ నగర్ తొలి క్వార్టర్లు లేచిన కాలానికి నేటి ప్రాజెక్టు నిర్వహణ పాఠ్యగ్రంథాల్లో మొదటి అధ్యాయాలుగా కనిపించే పద్ధతులు లోకంలో ఇంకా పుట్టనే లేదు. ఏ పనులు ఆలస్యమైతే మొత్తం గడువే జారిపోతుందో వెదికి పట్టుకునే క్రిటికల్ పాత్ పద్ధతిని డ్యూపాంట్ కంపెనీ 1957 ప్రాంతంలోను, అనిశ్చితమైన కాలవ్యవధులను అంచనా వేసే పెర్ట్ పద్ధతిని పొలారిస్ క్షిపణి కోసం అమెరికా నౌకాదళం 1958లోను రూపొందించాయి. ఎం.బి. ఆధారంగా నడిచిన నిర్వహణకు గతాన్ని కచ్చితంగా రాసుకోవడం బాగా తెలుసు, రాబోయేదాన్ని గీసుకోవడం అంతగా తెలియదు.

ఉమేదువారీకి గౌరవం తెచ్చిపెట్టిన ప్రయోగం మాత్రం రైల్వేలో జరిగింది. బీహారులోని జమాల్‌పూర్ రైల్వే కార్ఖానాలో 1927లో మొదలైన స్పెషల్ క్లాస్ అప్రెంటిస్ పథకం కింద ఇంటర్మీడియెట్ స్థాయి కుర్రవాళ్లను దేశవ్యాప్త పోటీపరీక్షలో ఎంపికచేసి, నాలుగేళ్లపాటు స్టైపెండు ఇస్తూ లేతు యంత్రాల ముందూ కొలిమి ముందూ నిలబెట్టి, తరగతి పాఠాలు కూడా చెప్పి, చివరకు వారిని నేరుగా రైల్వే అధికారులుగా నియమించేవారు. చాలాకాలంపాటు వారి చేతికి విశ్వవిద్యాలయ పట్టా వచ్చేది కాదు, దాని అవసరం ఉందని ఎవరూ అనుకోలేదు కూడా. పట్టా లేని ఇంజినీరుకు లోకంలో చెల్లుబాటు తగ్గిన తరువాత, ఈ శతాబ్దం తొలి ఏళ్లలో రాంచీ దగ్గరి మెస్రా బిర్లా సంస్థ ఇచ్చే ఇంజినీరింగు డిగ్రీని ఆ శిక్షణకు జతచేశారు. నేటి అర్థంలో డిగ్రీ అప్రెంటిస్‌షిప్ అనదగ్గది, బ్రిటన్ ఆ పేరు పెట్టడానికి పదేళ్లకు పైగా ముందే ఇక్కడ ఉండేదని ఈ ఉదాహరణ చెబుతుంది. విచిత్రమేమంటే బ్రిటన్ దాన్ని ప్రారంభించిన 2015 తరువాత ఇక్కడ ఈ పథకానికి పరీక్షలు జరగలేదు.

చట్టం నడిచిన దారి వేరు. అప్రెంటిస్‌షిప్‌పై దేశంలో వచ్చిన తొలి చట్టం 1850 నాటిది. అనాథలనూ పేద పిల్లలనూ ఏదో ఒక వృత్తికి అప్పగించడం దాని ఉద్దేశం గనుక, అప్రెంటిస్ అంటే గతిలేనివాడన్న వాసన ఆ మాటను చాలాకాలం వదల్లేదు. తెలుగు ఇళ్లలో నేటికీ ఆ మాట ఐ.టి.ఐ. చదివిన కుర్రవాడికే వాడతారు, ఇంజినీరింగు చదివినవాణ్ణి ట్రెయినీ అంటారు. 1961 నాటి చట్టం 1962 మార్చి 1న అమలులోకి వచ్చి, నిర్దిష్ట సంఖ్యలో అప్రెంటిసులను తీసుకోవడం పరిశ్రమల బాధ్యత చేసింది. 1973 సవరణ ఇంజినీరింగు పట్టభద్రులనూ డిప్లొమా వారినీ అందులో చేర్చింది. 2014 సవరణ ఇంజినీరింగేతర పట్టభద్రులకూ తలుపు తెరిచింది. చెన్నై, ముంబయి, కాన్పూర్, కోల్‌కతాల్లోని ప్రాంతీయ బోర్డుల ద్వారా నడిచిన ఈ ఏర్పాటులో స్టైపెండులో సగం కేంద్రం, సగం యజమాని భరించేవారు. అయితే చదువు ముగిశాక వచ్చే ఒక ఏడాది పనిగానే అది మిగిలింది. పనినే చదువులో భాగంగా లెక్కించి క్రెడిట్లు ఇచ్చే డిగ్రీలకు విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2020లో గాని మార్గదర్శకాలు వెలువరించలేదు.

1973 సవరణకు ఇరవై ఏళ్ల ముందే, పట్టా తరువాతి ఆ ఒక్క ఏడాది ఎంతటి నిర్వాహకుణ్ణి తయారుచేయగలదో చూపించినవారు ఇ. శ్రీధరన్. పాలక్కాడు జిల్లాలో పుట్టి, కాకినాడ ఇంజినీరింగు కళాశాలలో సివిల్ చదివి, కొంతకాలం కోజికోడ్ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి, బొంబాయి పోర్టు ట్రస్టులో ఒక ఏడాది అప్రెంటిస్‌గా పనిచేసిన తరువాతే ఆయన రైల్వే ఇంజినీరింగు సర్వీసులో అడుగుపెట్టారు. 1964 డిసెంబరు తుపాను పాంబన్ వంతెనను ధ్వంసం చేసినప్పుడు రైల్వే ఆరు నెలల గడువు పెడితే, ఆయన బృందం 46 రోజుల్లో దాన్ని నిలబెట్టింది. కొంకణ్ రైల్వే తరువాత 1997లో ఢిల్లీ మెట్రో పగ్గాలు చేపట్టి, 2002 డిసెంబరులో షాహదరా నుంచి తీస్ హజారీ దాకా తొలి మార్గాన్ని తెరిపించారు. ఆ సంస్థ కార్యాలయాల్లో గడువుకు ఇంకా ఎన్ని రోజులున్నాయో చూపిస్తూ వెనక్కి తిరిగే గడియారాలుండేవి. ఎం.బి. గడిచినదాన్ని రాస్తే ఈ గడియారం రాబోయేదాన్ని లెక్కపెట్టింది. ప్రభుత్వ నిర్మాణ సంస్కృతిలో వచ్చిన మార్పును చెప్పడానికి ఇంతకన్నా మంచి వస్తువు దొరకదు. కొత్తగా చేరే పట్టభద్ర ఇంజినీర్లను ఢిల్లీ మెట్రో తన ఖర్చుతో మద్రాసు ఐ.ఐ.టి.కి పంపి, మెట్రో రైలు సాంకేతికత, నిర్వహణలపై ఏడాది డిప్లొమా చదివించి ఉద్యోగంలో చేర్చుకునే ఏర్పాటు కూడా చేసుకుంది. 2018 ఆగస్టు 6న పింక్ లైనులో సరోజినీ నగర్ స్టేషను తెరుచుకునేటప్పటికి శ్రీధరన్ పదవీ విరమణ చేసి ఆరేళ్లు దాటింది. ఆ రోజు తెరుచుకున్న భాగం మొదలయ్యే స్టేషనుకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు, తరువాతి దానికి విశ్వేశ్వరయ్య పేరు ఉన్నాయి. ఢిల్లీ తెలుగు పిల్లల కోసం 1948లో ఆంధ్రా విద్యాసంఘానికి పునాది వేసిన మహిళ ఒకరు. 1908 మూసీ వరద తరువాత హైదరాబాదుకు వచ్చి జలాశయాలకు పథకం వేసిన ఇంజినీరు మరొకరు. ఈ సామీప్యం యాదృచ్ఛికమే అయినా, ఆ రైలెక్కే తెలుగువారికి గొప్ప విశేషం.

ప్రైవేటు కంపెనీల్లో పని, చదువుల కలయికకు తొలి పెద్ద ఉదాహరణ సరోజినీ నగర్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోని హౌజ్ ఖాస్‌లో, ఢిల్లీ ఐ.ఐ.టి.లో ఉంది. లార్సెన్ అండ్ టుబ్రో కంపెనీ 1990ల చివర ఢిల్లీ, మద్రాసు ఐ.ఐ.టి.లతో కలిసి నిర్మాణ సాంకేతికత, నిర్వహణ అనే ఎం.టెక్. కోర్సును మొదలుపెట్టింది. కంపెనీయే విద్యార్థులను ఎంపికచేసి, ఫీజు కట్టి, నెలనెలా స్టైపెండు ఇచ్చి, పట్టా రాగానే తన వర్క్‌సైట్లకు పంపుతుంది. దానికి బదులుగా కొన్నేళ్లు అక్కడే పనిచేస్తామని వారు బాండు రాసి ఇస్తారు. ఇదే కంపెనీ ఢిల్లీ మెట్రో తొలి దశలో సొరంగ మార్గం కట్టిన కూటమిలో భాగస్వామి, తరువాత హైదరాబాదు మెట్రోను కట్టి నడిపినది కూడా ఇదే. నిర్మాణ కంపెనీలు కలిసి 1983లో నెలకొల్పిన నిక్మార్ సంస్థ హైదరాబాదు శివారు శామీర్‌పేటలోనూ ప్రాంగణం పెట్టింది. బిట్స్ పిలానీ 1979 నుంచే ఉద్యోగులకు ఉద్యోగం మానకుండా డిగ్రీ చదివే వీలు కల్పిస్తున్నది. నోయిడా కేంద్రంగా ఉండి, విజయవాడ దగ్గర గన్నవరంలోనూ ప్రాంగణం ఉన్న హెచ్‌సీఎల్ టెక్ కంపెనీ ఇంటర్ ముగించినవారిని టెక్‌బీ పథకం కింద తీసుకుని పనిలో ఉంచుతూనే డిగ్రీ చదివిస్తున్నది. ఇంటర్ తరువాత నాలుగేళ్ల ఇంజినీరింగు తప్ప మరో దారి లేదనుకునే తెలుగు కుటుంబాల్లో ఈ పథకాలకు ఆదరణ మెల్లమెల్లగానే పెరగడంలో ఆశ్చర్యం లేదు. బాండు అన్న మాట వినగానే తల్లిదండ్రులు వెనక్కి తగ్గడంలోనూ తప్పు లేదు, ఎందుకంటే ఇరవై ఏళ్లు నిండని పిల్లవాడి రేపటి ఉద్యోగాన్ని ఈనాడే అమ్మే ఒప్పందం అది.

ఇక సరోజినీ నగర్ పునర్నిర్మాణానికి వస్తే, 2016 జులై 5న కేంద్ర మంత్రివర్గం ఢిల్లీలోని ఏడు ప్రభుత్వ కాలనీల పునర్నిర్మాణాన్ని ఆమోదించింది. 12,970 పాత క్వార్టర్ల స్థానంలో 25,667 కొత్తవి కట్టాలని, 32,835 కోట్ల రూపాయల ఖర్చును నౌరోజీ నగర్‌లో కట్టే వాణిజ్య భవనాల అమ్మకం వగైరాలతో రాబట్టాలని నిర్ణయించి, సరోజినీ నగర్, నేతాజీ నగర్, నౌరోజీ నగర్‌ల పనిని 1960లో పుట్టిన ప్రభుత్వ రంగ సంస్థ ఎన్‌బీసీసీకి, మిగిలిన నాలుగింటిని కేంద్ర ప్రజా పనుల శాఖకు అప్పగించింది. ఎన్‌బీసీసీ రాబడిలో సింహభాగం ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ కన్సల్టెన్సీ, పరిశ్రమలో పీఎంసీ అనే పనినుంచి వస్తుంది: యజమాని తరఫున నమూనా, టెండరు, పర్యవేక్షణ, బిల్లులు, అప్పగింత అన్నీ చూసి, వ్యయంలో కొంత శాతాన్ని రుసుముగా తీసుకోవడం. స్వయంగా ఇటుక పేర్చకుండా, పేర్చేవారిని నడిపించడమే సరుకుగా అమ్మే వృత్తి ఇది.

2018 జూన్‌లో చెట్లు నరకడం మొదలయ్యాక జనం వీధిలోకి వచ్చారు. ఏడు కాలనీల్లో వేల చెట్లు, ఒక్క సరోజినీ నగర్‌లోనే సుమారు 11,000 చెట్లు పోతాయని అప్పటి పత్రికలు రాశాయి. మానులను కౌగిలించుకుని నిలబడినవారిలో ఆ క్వార్టర్లలోనే పుట్టి పెరిగినవారు కూడా ఉన్నారు. ఢిల్లీ హైకోర్టు నరికివేతను ఆపించింది, నమూనాలు మార్చి చెట్ల నష్టం తగ్గించే ప్రయత్నం జరిగింది. ప్రభుత్వ నిర్మాణాల్లో ఇటువంటి ఆటంకాలను రాసేందుకు హిండ్రన్స్ రిజిస్టరు అనే పుస్తకం ఉంటుంది. ఆటంకం స్వరూపం, మొదలైన తేదీ, తొలగిన తేదీ, ఒకదానిపై మరొకటి పడిన రోజులు తీసివేయగా మిగిలిన నికర రోజులు అందులో రాసి, కాంట్రాక్టరూ ఇంజినీరూ సంతకాలు చేస్తారు. గడువు పొడిగింపు కోరేటప్పుడు ఆ రోజుల లెక్కే ఆధారం. నిర్వాహకుడు నేర్చుకున్న భాషలో కోర్టు స్టే ఒక ఆటంకం, వాన ఒక ఆటంకం, ఖాళీ చేయని క్వార్టరు మరో ఆటంకం. మూడింటికీ ఒకే గడి. ఈ గడి లేకపోతే కాంట్రాక్టుకు న్యాయం జరగదన్నది నిజమే. కాని చెట్టుకింద నిలబడిన వ్యక్తి చెప్పే మాట నమూనా గీసే దశలోనే వినవలసినదని, గడువు మొదలయ్యాక వింటే అది ఆటంకంగానే వినబడుతుందని ఆ రిజిస్టరు నేర్పలేదు. పనిచేసే చోటే చదువు చెప్పించే పద్ధతికి ఉన్న బలమూ, పరిమితీ ఇక్కడే కలిసి కనిపిస్తాయి: సంస్థకు ఏది ముఖ్యమో శిక్షణలో ఉన్నవాడు చాలా బాగా నేర్చుకుంటాడు, సంస్థ లెక్కలోకి రానిది అతని లెక్కలోకీ రాదు. విశ్వవిద్యాలయం ఈ ఒప్పందంలో చేయవలసిన అసలు పని ఆ రెండో లెక్కను చదివించడమే గాని, కంపెనీ శిక్షణకు ముద్ర వేసి ఇవ్వడం కాదు.

పనులు మళ్లీ సాగి, 2025 జనవరి 3న నౌరోజీ నగర్‌లో వరల్డ్ ట్రేడ్ సెంటర్, సరోజినీ నగర్‌లో 28 టవర్లలో 2,500కు పైగా టైప్-2 క్వార్టర్లు ప్రధానమంత్రి చేతుల మీదుగా ప్రారంభమయ్యాయి. ఇటువంటి పనుల్లో డిగ్రీ చదువుతూ శిక్షణ పొందేవారి కింద, చదువు ఊసే లేకుండా అదే పనిని నడిపే మరో వరుస ఉంటుంది. తెలుగువారికి అది బాగా తెలిసినదే. పాలమూరు జిల్లాలో గుంపు మేస్త్రీ ఊరూరూ తిరిగి అడ్వాన్సులు ఇచ్చి, యాభై, అరవై మందిని గుంపుగా కట్టి, నాగార్జునసాగర్ మొదలు దేశంలోని అనేక ఆనకట్టల, కాలువల పనులకు తీసుకువెళ్లి, ఎవరు మట్టి తవ్వాలో, ఎవరు తట్ట మోయాలో, వంట ఎవరు చేయాలో, ఏ నాటికి పని ముగించి ఊరు చేరాలో నిర్ణయించేవాడు. ఆ విద్యను అతను మరో మేస్త్రీ వెంట తిరిగి నేర్చుకున్నాడు. ఆ అడ్వాన్సు తీరేదాకా కూలీని వదలని కఠినత్వాన్నీ అక్కడే నేర్చుకున్నాడు. 1961 చట్టపు నిచ్చెన ఐ.టి.ఐ. నుంచి పట్టభద్రుల దాకా మెట్టుమెట్టుగా పైకే పెరిగింది. ఈ మేస్త్రీ స్థాయి వారికి ఇటీవల వచ్చినది ముందే తెలిసిన పనికి చిన్న పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇచ్చే పథకం మాత్రమే. ఆ ధ్రువపత్రాన్ని డిగ్రీ క్రెడిట్లుగా మార్చుకుని అదే నిచ్చెన ఎక్కే వీలు జాతీయ క్రెడిట్ చట్రంలో కాగితం మీద ఉంది గాని, పాలమూరు నుంచి ఢిల్లీ వర్క్‌సైటు దాకా పని చేసుకుంటూ పోయే మేస్త్రీ దాన్ని వాడుకోవడానికి కావలసిన కళాశాల, సెలవు, భాష అతనికి అందుబాటులో లేవు.